ఊరక యిచ్చు బంటు

చదరంగమున ఆట మొదలిడి రెండు మూడెత్తులైనను గడవకమున్నే ఎదిరి తన బంటు నొకదానిని మన బంటు నోటికందునట్లు ముందునకు త్రోసి మిన్నకుండును. దానికి కాపు లేదు. పరాకున నడపినదియు కాదు. "కావలసినచో తీసికొనుము" అన్నట్లు నిలిపి, చేతులు కట్టుకొని మన మొగము చూచుచుండును. తీసికొనవలెనా, మానవలెనా? క్రొత్తగా నేర్చువారు ఈ చోటనే తొట్రుపడుదురు. కొందఱు ఊరక వచ్చినదానిని విడుచుట వెఱ్ఱితనమని తటాలున గైకొందురు. మఱికొందఱు, ముఖ్యముగా మన యాడపిల్లలు, ఇందేదో మోసమున్నదని చేయి వెనుకకు దీసికొందురు. సోదరీమణులారా, ఈ రెండు తెఱగులును ఆలోచనకు బదులుగా అలవాటును నమ్ముకొనుటయే యని మా తలంపు. తీసికొనవచ్చును. పలుతావుల తీసికొనుటయే మేలు. అయితే తీసికొనినదానిని ఎప్పుడు విడువవలెనో ముందుగనే యెఱిగి తీసికొనవలెను.

ఇట్లు ఆట యారంభముననే బంటును బలిపెట్టుటను పాశ్చాత్యులు గాంబిట్ అందురు. ఇటలీ భాషలో కాలడ్డుపెట్టి పడద్రోయుటకు గల మాటనుండి ఇది పుట్టినది. 1561లో రూయ్ లోపెజ్ అను స్పెయిన్ దేశపు మతాచార్యుడు తన చదరంగ గ్రంథమున ఈ మాటను వాడగా, నాటినుండి యది నిలిచిపోయినది. పేరులోనే గుట్టు బయటపడుచున్నది గదా! ఇచ్చువాడు దాత కాడు, కాలడ్డుపెట్టువాడు. మన దేశపు పాతయాటలో బంటు తొలియెత్తున సయితము ఒక్క గడియే నడచును గావున ఇట్టి మెఱుపుబలులకు అందు తావు తక్కువ. ఆ పద్ధతిలో పెరిగిన పంజాబు దేశీయుడు సుల్తాన్‌ఖాన్ 1929లో ఇంగ్లండుకు పోయి ఆ యేడే బ్రిటిషు విజేతయయ్యెను గాని, ఆటల యారంభములే ఆతనికి కడదాక కష్టముగా నుండెనని చరిత్రకారులందురు. అతడు పరిచర్య చేయుచుండిన ప్రభువుగారి యింటనే పనిచేసిన ఫాతిమా యను యువతి 1933లో బ్రిటిషు స్త్రీల పోటీలో ప్రథమురాలయ్యెను. ఆమెను గూర్చి మన పత్రికలు వ్రాసినది మిక్కిలి తక్కువ.

బంటు నిచ్చినవానికి కలుగు లాభమేమి? కాలము. మన బంటు ఎదిరి బంటును కొట్టుటకై ఒక యెత్తు వెచ్చించును; దానిని కాపాడుకొనుటకు మఱి రెండెత్తులు పోవును. ఈలోపల వాని గుఱ్ఱములు, శకటులు తమ తావులు విడిచి బల్లనడుమకు వచ్చి నిలుచును. రాజు ముందరి బంటును రెండు గడులు నడిపి, పిమ్మట రాజుప్రక్క శకటు ముందరి బంటును బలియిచ్చు పద్ధతి యొకటి కలదు. ఇది నిజమైన బలి. ఇచ్చినవాడు తన రాజు చెంతనున్న తెఱనే చించుకొనుచున్నాడు. 1851లో లండను నగరమున ఆండర్సెన్ అను జర్మను పండితుడు ఈ బలితో మొదలిడి, పిమ్మట ఒక శకటును, రెండేనుగులను, తుదకు మంత్రిని కూడ ఎదిరికి వదలి, మిగిలిన రెండు గుఱ్ఱములతోడను ఒక శకటుతోడను ఆట కట్టివేసెను. ఎదుట కూర్చున్న కీజెరిట్స్కీ సామాన్యుడు కాడు. ఇచ్చినదెల్ల తీసికొనుచు పోయినాడు, అంతియే. నూటడెబ్బది యేండ్లు దాటినను ఆ యాటను నేటికిని పిల్లలకు చూపుచున్నారు.

ఆ పద్ధతినే 1960లో అర్జెంటీనాయందు స్పాస్కీ ప్రయోగింపగా, అప్పటికి పదునేడేండ్ల బాలుడైన బాబీ ఫిషరు బంటును గైకొని తుదకు ఓడిపోయెను. ఫిషరు ఊరకుండలేదు. మఱుసటియేడు, 1961లో, ఆ బలిని తీసికొని నిలుపుకొనుటకు ఉపాయమిది యని ఒక వ్యాసమే ప్రకటించెను. వింత యేమనగా, తరువాత తానే తెల్లబంట్లతో ఆ బలినిచ్చి కొన్ని యాటలు గెలిచినాడు. పండితుల మాటను, చేతను ఒకచోట చూడగోరుట మన పొరపాటు కాబోలు.

ఇల్లాండ్రు మొదట నేర్వదగినది దీనికంటె నెమ్మదియైన మంత్రివైపు బలి. 1983లో వాల్టరు టెవిస్ వ్రాసిన యాంగ్లనవల కథగా 2020లో తెరపై ప్రదర్శింపబడినప్పటినుండి 'క్వీన్స్ గాంబిట్' అను పేరు చదరంగమెఱుగని యిండ్లలోను వినబడుచున్నది. పేరెఱిగినవారిలో దాని నడక యెఱిగినవారు కొందఱే. బల్ల ముందుంచుకొని చదివినచో సులభముగా బోధపడును. తెల్లవాడు మంత్రి ముందరి బంటును రెండు గడులు నడపును. నల్లవాడును అట్లే చేయును. అంతట తెల్లవాడు మంత్రిప్రక్క శకటు ముందరి బంటును రెండు గడులు నడిపి నల్లబంటు ప్రక్కవాటుగా నిలుపును. అదియే బలి. నల్లవాడు దానిని కొట్టినచో బలిని అంగీకరించినట్లు.

ఇంతవఱకు తప్పేమియు లేదు. తప్పు పుట్టునది తరువాత. తెల్లవాడు రాజు ముందరి బంటును ఒక గడి జరపును. దానితో వాని శకటుచూపు ఆ చిక్కిన బంటుపై పడును. నల్లవానికి లోభము కలుగును. "వచ్చినదానిని పోనిత్తునా?" యని తన మంత్రివైపు గుఱ్ఱము ముందరి బంటును రెండు గడులు నడిపి కాపుంచును. తెల్లవాడు అదేవైపు మూలయేనుగు ముందరి బంటును రెండు గడులు నడిపి ఆ కాపును తాకును. నల్లవాడు కాపునకు కాపుగా శకటు ముందరి బంటును ఒక గడి జరపును. తెల్లబంటు కొట్టును, నల్లబంటు తిరిగి కొట్టును. ఇప్పుడు చూడుడు. నల్లవాని బంట్లు రెండును ఒకదాని నొకటి కౌగిలించుకొని భద్రముగా నున్నవి. కాని వానిని కాచుటకై అతడు మూలయేనుగు ముందున్న ఏటవాలు బాట నంతయు తన చేతులతోనే ఊడ్చి పెట్టినాడు. తెల్లమంత్రి రెండు గడులు ఏటవాలుగా వచ్చి నిలుచును. ఆ మూలనుండి ఏనుగునకు కదలుటకు చోటు లేదు. దానిని దక్కించుకొనుటకు గుఱ్ఱమునో శకటునో అడ్డువేసి పోగొట్టుకొనక తప్పదు. ఒక బంటును దాచుకొనుటకు పోయి ఇంతటి బలము నిచ్చివేసినాడు. ఆఱెత్తులలో ఆట ముగిసినట్లే.

మఱి నేర్పరి యేమి చేయును? బంటును తీసికొనును, దానిని మఱచిపోవును. తెల్లవాడు శకటుతో దానిని తిరిగి తీసికొనుటకు ఎత్తు వెచ్చించుచుండగా, నల్లవాడు గుఱ్ఱమును వెలికి దెచ్చి, రాజు ముందరి బంటు నొక గడి జరిపి, శకటు ముందరి బంటును రెండు గడులు నడిపి తెల్లవాని నడుమబంటును ఢీకొట్టును. పిమ్మట మూలబంటును ఒక గడి జరిపి, గుఱ్ఱము ముందరి బంటును రెండు గడులు నడపును. పైని చెప్పిన లోభి నడపిన బంటే యిదియు. అయితే అప్పుడది దాచుకొనుటకు నడచినది. ఇప్పుడు తెల్లశకటును తఱుముటకు నడచుచున్నది. శకటు తొలగుటకు ఒక యెత్తు, ఆ వెనుక మన శకటు నిలుచుటకు విశాలమైన చోటు. ఊరక వచ్చిన బంటు ఊరకే పోయినది. కాలము మనకు మిగిలినది. గ్రహించినవారికి ఈ యొక్క తేడాయే ఈ యారంభమంతయు.

తీసికొనినదానికి వెల కలదని మన పురాణములు చెప్పినంత చక్కగా ఏ చదరంగ గ్రంథమును చెప్పలేదు. తిక్కనగారి యుద్యోగపర్వమున శల్యుని వృత్తాంతము చూడుడు. మద్రదేశపు రాజు, నకుల సహదేవులకు మేనమామ. సేనతో పాండవులకు సాయముగా బయలుదేరినాడు. దారిపొడుగునను చలువపందిళ్లు, మృష్టాన్నములు, పరిచారకులు. ధర్మరాజు ఏర్పాటే యనుకొని, సంతోషించి, ఏర్పాటు చేసినవారికి బహుమతి నీయగోరినాడు. చాటున నుండిన దుర్యోధనుడు ఎదుటికి వచ్చి "నా పక్షమున సేన నడుపుము" అని కోరుకొనినాడు. భుజించినది అరుగకమున్నే మేనల్లుండ్రకు ప్రతిపక్షియైనాడు శల్యుడు. ఆతిథ్యము గైకొనుట తప్పా? రాజులకు అది ధర్మమే. ఎవ్వరిదని యడుగక గైకొనుటవలన చేటు మూడినది. మా కొకటి తోచును: తరువాత ధర్మరాజు వేడగా, కర్ణునకు సారథినైనప్పుడు వాని యుత్సాహమును అణచెదనని మాట యిచ్చినాడు గదా, అది తాను తీసికొనినదానిలో కొంత తిరిగి యిచ్చివేయుటయే. ఆలస్యమైనను ఎత్తు మంచిదే.

ఈ సంగతి మా వేల్పూరు ప్రాంతపు స్త్రీలకు వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇది పసుపు పండు నేల. మృగశిర వానలకు కొమ్ము నాటినచో చేతికి వచ్చుటకు ఎనిమిది తొమ్మిది నెలలు పట్టును. త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెఱుగుపెట్టి నిజామాబాదు అంగడికి తోలువఱకు రైతునకు రూకలు కనబడవు. నడుమ ఎవరైన బయానా పైకము తెచ్చి గడపలో పెట్టినచో ఏ యింట వలదందురు? తీసికొనక గడవదు. తీసికొనినచో పంట ఎవరి కమ్మవలెనో ఆ క్షణముననే తేలిపోవును. ఆ బయానాకు వెల యెంత, ఎప్పుడు చెల్లింపవలెను, ధర పెరిగినచో మాటేమి, అని అడిగి తీసికొను ఇల్లాలు లోభియు కాదు, పిఱికియు కాదు.

అంతకంటె కఠినమైన బయానా ఒకటి ఈ మండలమున నుండెడిది. అప్పు తీసికొని, అది తీఱువఱకు పిల్లను పనికి బంపుట. తీసికొనినది తండ్రి, వెల చెల్లించునది తొమ్మిదేండ్ల బిడ్డ. 2001లో వేల్పూరు మండలమున బడి విడిచిన పిల్లల నందఱిని తిరిగి బడికి బంపి, ఇచట బాలకార్మికులు లేరని ప్రకటించినారు. అప్పుడు పనికి పెట్టుకొనిన యజమానులు ఆ పిల్లలపై గల యప్పులను వదలుకొనిరి. అధికారులు, ఊరిపెద్దలు, ఉపాధ్యాయులు ఇంటింటికి తిరిగిన పని యది. బల్లపై బంటును ఆడువారే గైకొందురు, వెలయు ఆడువారే చెల్లింతురు. జీవితమున తీసికొను చేయి యొకటి, చెల్లించు చేయి వేఱొకటి యగుట కలదు. అందుచేతనే మా యరుగుపై కూర్చుండు బాలికలకు ఈ యాట నేర్పునప్పుడు "ఇది నీ కెంత పడును?" అను ప్రశ్నను మేము మానక వేయించుచుందుము.

మఱల బల్లకడకు వత్తము. మహామహులకు కూడ ఈ ప్రశ్న సులభము కాదు. రాజుప్రక్క బలికి చుట్టమువంటి పద్ధతి ఇంకొకటి కలదు. వేల్సు దేశపు నావికుడు ఎవాన్సు పేర పిలువబడుచున్నది. నూఱేండ్లుగా గొప్పవారు దానిని పెద్ద పోటీలలో అంతగా వాడకుండిరి. దానికి కారకులలో నొకడు 1894 నుండి 1921 వఱకు ప్రపంచవిజేతయైన లాస్కరు. ఆయన చెప్పినది సులువైన మాటయే: బంటును తీసికొనుము, తగినవేళ తిరిగి యిచ్చివేయుము, నీ బంట్ల వరుస చెడకుండ నిలుచును. ఇచ్చువానికి ఇంతకంటె నిరుత్సాహకరమైనది లేదు. వాడు మంటలు రేపదలచి వచ్చినాడు. మనము వాని కట్టెలు వానికే యిచ్చి పంపుచున్నాము.

1995లో రీగా నగరమున కాస్పరోవు ఆ మూలబడిన బలిని దుమ్ము దులిపి మన విశ్వనాథన్ ఆనందు ముందు పెట్టెను. ఆనందు గైకొనెను. పదునైదవ యెత్తున మఱియొక బంటును కూడ తీసికొనెను. లెక్కకు రెండు బంట్లు మిగులు. కాని నల్లరాజు నడుమనే నిలిచిపోయినాడు. కోట కట్టుకొనుటకు తీఱిక దొరకలేదు. 25వ యెత్తుతో ఆట ముగిసినది. ఆనందు తరువాత ప్రపంచవిజేత యైనవాడు గావున ఈ యోటమివలన ఆయన గౌరవమునకు కొఱత లేదు. లెక్క చూచుకొనుట మాత్రము మనకు తెలియును: చేతిలో నెన్ని బంట్లున్నవని కాదు, రాజెక్కడ నున్నాడని.

ఇక మన తెలుగుబిడ్డ మాట. గుడివాడలో 1987లో పుట్టిన కోనేరు హంపి తండ్రియొద్దనే ఆట నేర్చి, 2002లో పదునైదేండ్ల యీడున గ్రాండుమాస్టరు బిరుదు పొందెను. అంత చిన్నవయస్సున ఆ బిరుదు పొందిన స్త్రీ అంతకుముందు లేదు. వివాహమై, తల్లియై, రెండేండ్ల పాటు ఆటకు దూరముగా నుండి, 2019లో మాస్కోయందు శీఘ్రచదరంగమున స్త్రీల ప్రపంచవిజేతయైనది. 2024లో న్యూయార్కున ఆ పదవినే మఱల గెలిచినది. బిడ్డ పుట్టిన పిదప చదువో, కళయో మూలబెట్టిన చెల్లెండ్రు ఈ తేదీలను ఒకమారు కలిపి చూచుకొనవలెనని కోరుచున్నాము.

2025 జూలై నెలలో జార్జియా దేశపు బతూమీ నగరమున స్త్రీల ప్రపంచకప్పు తుదిపోరు జరిగినది. పూర్వము ఆ దేశమున వధువునకు అరణముగా చదరంగపుబల్ల నిచ్చు ఆచారము ఉండెడిదని ప్రసిద్ధి. ఎదుట నాగపురపు పిల్ల, 19 యేండ్ల దివ్యా దేశముఖ్. ఇరువురును భారతీయులే. మొదటి యాటలో దివ్య తెల్లబంట్లతో మంత్రివైపు బలి నిచ్చెను, హంపి అంగీకరించెను. కొలది యెత్తులలోనే దివ్యకు మేలైన స్థితి చిక్కినది. చూచువారు హంపి పని యయిపోయినదనుకొనిరి. ఆమె తొణకక, బంట్ల లెక్కకు కాక స్థితికి విలువ నిచ్చి, మెల్లమెల్లగా కుదురుకొని ఆ యాటను సమము చేసికొనెను. రెండవ యాటయు సమమే. పిమ్మట శీఘ్రపుటాటలలో దివ్య గెలిచి కప్పును, దానితోడనే గ్రాండుమాస్టరు బిరుదును పొందెను. హంపి ఓడినది కదా, ఆమె యుదాహరణ మెందుకని కొందఱడుగవచ్చును. మేము చూపునది తుదిఫలమును కాదు, ఆ మొదటి యాటను. బలిని గైకొనినప్పుడు కొంతసేపు కష్టము తప్పదు. ఆ కష్టకాలమున బెదరక కూర్చుండుట యెట్లో ఆ యాటలో కనబడును. ఓడినవారి యాటలే మాకు పాఠములుగా మిక్కిలి పనికివచ్చినవి.

ఇండ్లలో అభ్యసింపగోరువారికి మేము పాటించు పద్ధతి చెప్పెదము. రాత్రి భోజనములైన పిదప బల్ల పఱచి, ఇంటి పెద్దలలో నొకరిని తెల్లబంట్లవైపు కూర్చుండబెట్టుడు. వారు మంత్రివైపు బలి నీయవలెను. పిల్ల దానిని తప్పక తీసికొనవలెను. నియమము ఒక్కటే: పదియవ యెత్తులోపల ఆ బంటు తిరిగి పోవలెను, పోవునప్పుడు పిల్లకు ఏదో యొక మేలు చేకూరవలెను. ఒక గుఱ్ఱము బయటికి వచ్చుటయో, రాజు కోట చేరుటయో, తెల్లశకటు వెనుకకు తగ్గుటయో. ఏమి వచ్చినదో పిల్ల తన నోటితో చెప్పవలెను. చెప్పలేనిచో ఎత్తులు వెనుకకు మరల్చి మఱల ఆడవలెను. గెలుపోటములు ఆ రాత్రికి లెక్క కావు. పది రాత్రులైన పిమ్మట తావులు మార్చి, పిల్లచే బలి యిప్పింపవలెను. ఇచ్చువాని మనస్సు తెలిసినగాని తీసికొనువానికి నిలుకడ రాదు.

మా యింట ఈ వానకాలమంతయు ఈ పందెమే సాగుచున్నది. ఎనిమిదవ తరగతి చదువు పిల్ల యొకతె మా యింటివారిచ్చిన బంటును గైకొని, సరిగా తొమ్మిదవ యెత్తున తిరిగి యిచ్చి, వరుసగా రెండు మారులు ఆయన శకటును తఱిమి మంత్రికి చోటు లేకుండ చేసినది. ముప్పది మంది పిల్లలను కనుసన్నల నడపు ఉపాధ్యాయులవారు మూడవ రాత్రి ఆ బంటుపై వేలుంచి, త్రోయుటకు మనసొప్పక, దీపపు వత్తి సరిచేయుమని మమ్ము పిలిచినారు. ఇంట విద్యుద్దీపము వెలుగుచునే యున్నది.